అమెరికాలో డీయూఐ కేసు రికార్డులు ఎక్కడ, ఎలా వెతకాలి?

తాగి బండి నడిపి (దీన్నే డీయూఐ అంటారు) పట్టుబడ్డవాళ్ల వివరాలన్నీ అమెరికాలో ఒకే చోట ఉంటాయని, పేరు కొట్టగానే వచ్చేస్తాయని చాలామంది అనుకుంటారు. అలాంటి చోటేమీ లేదు. దేశమంతటి రికార్డులు ఎఫ్‌బీఐ దగ్గర ఉన్నాయి కానీ వాటిలో ఇతరుల వివరాలు చూసే వీలు పోలీసులకూ, చట్టం అనుమతించిన సంస్థలకే ఉంది. మామూలు మనుషులకు మిగిలేవి రాష్ట్రాల కోర్టులు, కౌంటీ (మన జిల్లా లాంటిది) క్లర్క్ ఆఫీసులు, కౌంటీ పోలీసులైన షెరిఫ్ ఆఫీసులు. ఎవరి లెక్క వాళ్లదే, ఎవరి వెబ్‌సైట్ వాళ్లదే. అయితే చాలావాటిని ఇంట్లో కూర్చుని, పైసా ఖర్చు లేకుండా చూడొచ్చు.

మొదలుపెట్టే ముందు ఒక తేడా గుర్తుపెట్టుకోండి. ఫలానా రోజు ఫలానా మనిషిని పోలీసులు పట్టుకున్నారు అన్నంతవరకే అరెస్టు రికార్డు. ఆ తర్వాత కేసు నిలబడిందా, కొట్టేశారా, చిన్న నేరానికి తగ్గించారా అన్నది కోర్టు రికార్డులో ఉంటుంది. ఇంటర్నెట్‌లో సులువుగా కంటపడేది మొదటిది. మీకు నిజంగా కావాల్సింది రెండోది. అందుకే ఈ పద్ధతిలో కోర్టు నుంచి మొదలుపెట్టి, పోలీసుల దగ్గరికి తర్వాత వెళ్దాం.

1. ఎవరి రికార్డు, దేనికోసం?

సొంత రికార్డు అయితే అడ్డేమీ లేదు, ఎంత లోతుగానైనా అడగొచ్చు. మనవాళ్లకు ఈ అవసరం ఎక్కువగా ఇమిగ్రేషన్ వల్లే వస్తుంది. గత ఐదేళ్లలో డీయూఐ అరెస్టు ఉంటే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చేయొచ్చని 2015 నవంబరు నుంచి స్టేట్ డిపార్ట్‌మెంట్ విధానం ఉంది. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ దరఖాస్తుల్లో అరెస్టుల గురించి నేరుగా అడుగుతారు. కేసు కొట్టేసినా, సీల్ చేసినా చెప్పాల్సిందే. కాబట్టి పాత కేసు ఉన్నవాళ్లు స్టాంపింగ్ తేదీ దగ్గరపడ్డాక టెన్షన్ పడకుండా, ముందే కాగితాలు తెచ్చిపెట్టుకోవడం మేలు.

ఇతరులది అయితే ఉద్దేశాన్ని బట్టి నియమాలు మారతాయి. సొంతంగా తెలుసుకోవడానికి కోర్టు పబ్లిక్ రికార్డు ఎవరైనా చూడొచ్చు. అమెరికా సంబంధం వస్తే అబ్బాయి గురించి వాకబు చేసే పెద్దలు కోర్టు సైట్లు చూడటంలో తప్పేమీ లేదు. కానీ ఉద్యోగం ఇవ్వడానికో, ఇల్లు అద్దెకివ్వడానికో బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టు తెప్పించుకుంటే ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అనే 1970 నాటి చట్టం కిందికి వస్తారు. ఆ చట్టానికి లోబడి పనిచేసే కంపెనీ ద్వారానే తెప్పించాలి. ఉద్యోగం విషయంలో ఆ మనిషి రాతపూర్వక అనుమతి కూడా తీసుకోవాలి.

2. ఊరు కాదు, కౌంటీ తేల్చుకోండి

కేసు నడిచేది మనిషి ఉండే చోట కాదు, పట్టుబడ్డ చోట. ఒక కౌంటీలో ఇల్లు, పక్క కౌంటీలో ఆఫీసు, ఇంకో కౌంటీ మీదుగా పోయే హైవే మీద స్టేట్ ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) ఆపాడనుకోండి. కేసు ఆ మూడో కౌంటీలో ఉంటుంది. సొంత కౌంటీలో వెతికి 'ఏమీ లేదు' అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ఊరి పేరు మాత్రమే తెలిస్తే అది ఏ కౌంటీలో ఉందో చూడండి. కొన్ని నగరాలు రెండు మూడు కౌంటీల్లో పరుచుకుని ఉంటాయి, అన్నీ చూడాలి.

పట్టుకున్నది ఎవరన్నది కూడా ముఖ్యమే. సిటీ పోలీసులైతే కొన్ని రాష్ట్రాల్లో కేసు మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది, షెరిఫ్ మనుషులో ట్రూపరో అయితే కౌంటీ స్థాయి కోర్టుకు. నేషనల్ పార్కులోనో, మిలిటరీ బేస్‌లోనో అయితే అది ఫెడరల్ వ్యవహారం, రాష్ట్ర కోర్టు సైట్లో కనిపించదు.

3. ఆ రాష్ట్రంలో ఆ నేరాన్ని ఏమంటారు?

అందరూ డీయూఐ అనరు. టెక్సాస్, న్యూయార్క్, న్యూజెర్సీల్లో డీడబ్ల్యూఐ. ఒహాయోలో ఓవీఐ. మసాచుసెట్స్‌లో ఓయూఐ. విస్కాన్సిన్, మిషిగన్, ఇండియానాల్లో ఓడబ్ల్యూఐ. కొన్ని సైట్లు నేరం పేరు కూడా రాయవు, సెక్షన్ నంబరు ఒక్కటే ఇస్తాయి. కాలిఫోర్నియాలో వెహికల్ కోడ్ 23152, వర్జీనియాలో 18.2-266, పెన్సిల్వేనియాలో టైటిల్ 75 సెక్షన్ 3802, ఫ్లోరిడాలో 316.193, న్యూజెర్సీలో 39:4-50. ఈ నంబరు తెలిస్తే, కేసులో జరిగినవన్నీ వరసగా రాసి ఉండే డాకెట్‌లో కళ్లు నేరుగా అక్కడికే వెళ్తాయి.

ఇంకో చిక్కుంది. న్యూజెర్సీలో డీడబ్ల్యూఐని నేరంగా కాక ట్రాఫిక్ ఉల్లంఘనగా చూస్తారు, విచారణ మునిసిపల్ కోర్టులో జరుగుతుంది. విస్కాన్సిన్‌లో మొదటిసారి పట్టుబడితే సాధారణంగా అది క్రిమినల్ కేసు కాదు, జరిమానాతో పోయే సివిల్ వ్యవహారం. కాబట్టి 'క్రిమినల్' అన్న ఆప్షన్ ఒక్కటే ఎంచుకుని వెతికితే ఈ కేసులు తప్పించుకుంటాయి. సైట్లో కేసు రకం అడిగితే ట్రాఫిక్ కూడా కలిపి చూడండి, లేదా ఆ గడి ఖాళీగా వదిలేయండి.

4. కోర్టు సైట్లో వెతకండి

రాష్ట్రం పేరుతో పాటు 'కోర్ట్ కేస్ సెర్చ్' అని కొట్టండి. ప్రకటనలన్నీ దాటుకుని, అడ్రస్ చివర డాట్ గవ్ ఉన్నదో, రాష్ట్ర కోర్టుల అసలు సైట్ నుంచి లింకు ఉన్నదో మాత్రమే తెరవండి. పైన మూడు నాలుగు ఫలితాలు దాదాపు ఎప్పుడూ డబ్బు గుంజే సైట్లే.

రాష్ట్రమంతటికీ ఒకే సైట్ ఉన్నచోట పని తేలిక. మేరీల్యాండ్‌లో జుడీషియరీ కేస్ సెర్చ్, పెన్సిల్వేనియాలో యూజేఎస్ వెబ్ పోర్టల్, విస్కాన్సిన్‌లో సర్క్యూట్ కోర్ట్ యాక్సెస్ మంచి ఉదాహరణలు. పేరు ఇస్తే కేసుల జాబితా ఉచితంగా వస్తుంది. వర్జీనియాలో రెండుచోట్ల చూడాలి: మొదటి విచారణ జనరల్ డిస్ట్రిక్ట్ కోర్టులో, పది రోజుల్లోపు అప్పీలు వేస్తే మళ్లీ మొదటి నుంచి సర్క్యూట్ కోర్టులో. కింది కోర్టులో 'గిల్టీ' అని కనిపించిన కేసు పై కోర్టులో వేరేగా ముగిసి ఉండొచ్చు.

టెక్సాస్‌లో కౌంటీ కౌంటీకీ సైట్ వేరు. మొదటిసారి డీడబ్ల్యూఐ సాధారణంగా చిన్న నేరాల్లో ఒకటైన క్లాస్ బి మిస్‌డిమీనర్ కాబట్టి చాలాచోట్ల కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో మాత్రం డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర చూడాలి. రాష్ట్ర ప్రజాభద్రత విభాగం డీపీఎస్ కూడా కొంత ఫీజు తీసుకుని పేరు మీద శిక్షల వివరాలు చూపిస్తుంది, కానీ అందులో నడుస్తున్న కేసులు ఉండవు.

కాలిఫోర్నియా ఇంకొంచెం మూసి పెట్టింది. 58 కౌంటీలకు 58 సుపీరియర్ కోర్టులు. క్రిమినల్ కేసుల జాబితా, వాయిదాలు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి కానీ అసలు కాగితాలు కోర్టుకు వెళ్లే చూడాలి. పుట్టిన తేదీతో, లైసెన్స్ నంబరుతో పబ్లిక్ సూచికలో వెతికే వీలు కల్పించకూడదని 2021లో అక్కడి అప్పీల్ కోర్టు తేల్చింది. అంటే పేరు ఒక్కటే ఆధారం. లాస్ ఏంజెలెస్‌లో పేరుతో వెతకడానికి ఫీజు కూడా కట్టాలి.

న్యూయార్క్‌లో వెబ్‌క్రిమ్స్ ఉచితమే, కానీ ఇకముందు రాబోయే వాయిదా ఉన్న కేసులు మాత్రమే చూపిస్తుంది. ముగిసిపోయినవి కావాలంటే రాష్ట్ర కోర్టుల కార్యాలయానికి 95 డాలర్లు కట్టి క్రిమినల్ హిస్టరీ రికార్డ్ సెర్చ్ తెప్పించుకోవాలి, లేదా ఆ కోర్టు క్లర్క్‌ని అడగాలి. మసాచుసెట్స్‌లో క్రిమినల్ కేసుల్ని పేరుతో ఆన్‌లైన్‌లో వెతకలేరు, కోర్టుకు పోవడమే దారి.

పేజర్ అనే ఫెడరల్ కోర్టుల సైట్ గురించి కూడా వినే ఉంటారు. డీయూఐకి అది దాదాపు పనికిరాదు. రాష్ట్ర కోర్టులకే వెనక్కి రండి.

5. పేరుతో వచ్చే తంటా

మన పేర్ల విషయంలో ఎక్కువ ఓపిక పట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో మొదటి పేరు స్థానంలో 'మొదటి పేరు తెలియదు' అని అర్థమిచ్చే ఎఫ్ఎన్‌యూ అని పడి, అసలు పేరంతా లాస్ట్ నేమ్‌లోకి వెళ్లిపోతుంది. లైసెన్సు కూడా అలాగే వస్తే, పోలీసు అధికారి అదే చూసి ఎక్కిస్తాడు. అప్పుడు కోర్టులో ఆ మనిషి మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ. ఇంటిపేరు ముందు రాసే అలవాటు వల్ల కొన్నిసార్లు రెండు పేర్లూ తారుమారవుతాయి. వెంకట సాయి కృష్ణ లాంటి మూడు ముక్కల పేరులో ఒక ముక్కే మిగిలి, రెండోది మిడిల్ నేమ్ అయి, మూడోది ఎగిరిపోవచ్చు.

స్పెల్లింగ్ సరేసరి. లక్ష్మిని కొందరు కేఎస్‌హెచ్ పెట్టి రాస్తారు, కొందరు ఎక్స్ పెట్టి రాస్తారు. శ్రీనివాస్‌లో 'శ్రీ'కి ఐ ఒకటా, రెండు ఈలా? చౌదరి ఎన్ని రకాలుగా రాస్తారో లెక్కే లేదు. అందుకని పూర్తి పేరు కొట్టకుండా, ఇంటిపేరులో మొదటి నాలుగైదు అక్షరాలు, పేరులో మొదటి అక్షరం ఇచ్చి చూడండి. చాలా సైట్లు చివర స్టార్ గుర్తు పెడితే మిగతాది అవే కలుపుకుంటాయి. తర్వాత రెండూ అటూఇటూ మార్చి ఇంకోసారి కొట్టండి.

ఇక ఎదురు ప్రమాదం. రెడ్డి, రావు, కుమార్‌లకు కొదవలేదు కాబట్టి అదే పేరుతో నలుగురు దొరకొచ్చు. పేరు కలిసిందని ఆగిపోవద్దు. పుట్టిన సంవత్సరం, మిడిల్ నేమ్, అడ్రస్‌లో ఊరు లేదా జిప్ కోడ్, వీటిలో కనీసం రెండు కలిస్తేనే ఆ మనిషి అనుకోండి. వేరే ఎవరిదో కేసు చూసి కుదిరిన సంబంధం తెంచుకుంటే ఆ నష్టాన్ని ఎవరూ పూడ్చలేరు.

6. డాకెట్ చివరిదాకా చదవండి

పెన్సిల్వేనియా డాకెట్ ఒకటి తెరిచారనుకుందాం. పేరు కింద రెండు నంబర్లు కనిపిస్తాయి, ఒకటి ఎంజేతో మొదలవుతుంది, ఇంకోటి సీపీతో. ఎంజే అంటే కింది స్థాయి మెజిస్టీరియల్ డిస్ట్రిక్ట్ కోర్టు. అది తెరిస్తే ఫలితం దగ్గర 'వేవ్డ్ ఫర్ కోర్ట్' అనో 'హెల్డ్ ఫర్ కోర్ట్' అనో ఉంటుంది. కేసు వదిలేశారేమో అనిపిస్తుంది. కాదు, పై కోర్టుకు పంపారని అర్థం. అసలు కథ సీపీ నంబరులో, అంటే కోర్ట్ ఆఫ్ కామన్ ప్లీస్‌లో ఉంది. ఫిలడెల్ఫియాలో మాత్రం ఎంసీతో మొదలయ్యే మునిసిపల్ కోర్టు నంబరు ఉంటుంది.

సీపీ డాకెట్‌లో ఛార్జీలు వరసగా ఉంటాయి. 3802 ఏ-1 ఒకటి, దాని కింద 3802 సి ఇంకొకటి. రెండుసార్లు పట్టుబడ్డాడని కంగారు పడొద్దు, అది ఒక్క సంఘటనే. మత్తులో నడపలేని స్థితి అన్నది మొదటిది, రక్తంలో ఆల్కహాల్ 0.16 శాతం లేదా అంతకు మించి ఉందన్నది రెండోది. చాలా రాష్ట్రాలు ఇలా జంటగానే కేసు పెడతాయి. కాలిఫోర్నియాలో 23152 ఏ, బి కలిసి కనిపించడం కూడా ఇదే.

ఆ వరస పక్కనే డిస్పొజిషన్ (ఛార్జీ ఎలా ముగిసింది) అన్న మాట వెతకండి. 'గిల్టీ ప్లీ' అంటే ఒప్పుకున్నారు. 'నోల్ ప్రాస్' అంటే ప్రాసిక్యూటరే ఆ ఛార్జీ వదిలేశారు, జంటలో ఒకదానికి ఒప్పుకుంటే రెండోది తరచూ ఇలాగే పోతుంది. ఏఆర్డీ అని ఉంటే మొదటిసారి పట్టుబడ్డవాళ్లకు ఇచ్చే కార్యక్రమంలో చేరారు, అది పూర్తయితే ఛార్జీలు కొట్టేస్తారు. కాలిఫోర్నియాలో 23103.5 కనిపిస్తే డీయూఐని, తాగి నిర్లక్ష్యంగా నడిపారన్న చిన్న నేరమైన 'వెట్ రెక్‌లెస్'కి తగ్గించారన్నమాట. మేరీల్యాండ్‌లో పీబీజే (తీర్పుకు ముందే ప్రొబేషన్) అని ఉంటుంది. రాష్ట్రం దృష్టిలో అది శిక్ష కాదు, కానీ నేరం ఒప్పుకున్నాక వచ్చిన పీబీజేని ఇమిగ్రేషన్ చట్టం శిక్షగానే లెక్కేయొచ్చు. సొంత కేసులో ఇది కనిపిస్తే ఇమిగ్రేషన్ లాయర్‌కి చూపించకుండా ఏ ఫారమూ నింపొద్దు.

'బెంచ్ వారంట్' లేదా ఎఫ్‌టీఏ అని ఉండి, ఆ తర్వాత ఏమీ లేకపోతే, వాయిదాకు రాలేదని, కేసు ఇంకా బతికే ఉందని అర్థం. సొంత రికార్డులో ఇది కనిపిస్తే క్లర్క్‌కి కాదు, ముందు లాయర్‌కి ఫోన్ చేయండి.

7. సర్టిఫైడ్ కాపీ తీసుకోండి

స్క్రీన్ మీద కనిపించిన డాకెట్ ప్రింటు ఇమిగ్రేషన్‌కు చాలదు. కోర్టు ముద్ర ఉన్న 'సర్టిఫైడ్ డిస్పొజిషన్' కావాలి. కేసు నంబరు రాసుకుని ఆ కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేయండి. మూడు విషయాలు అడగండి: ఫీజు ఎంత, పోస్టులో పంపుతారా, ఎన్నాళ్లు పడుతుంది. ఒక్కటి కాదు, రెండు మూడు కాపీలు ఒకేసారి తీసుకోండి, మళ్లీ మళ్లీ అడిగే బాధ తప్పుతుంది. పాత ఫైలు నాశనం చేశామని అంటే, ఆ మాటే కోర్టు లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడగండి. ఆ ఉత్తరం కూడా ఆధారమే.

8. ఇప్పుడు అరెస్టు వైపు

అరెస్టు నిన్నో మొన్నో జరిగితే కోర్టులో ఇంకా ఏమీ ఉండకపోవచ్చు. రక్తపరీక్ష ఫలితం కోసం ఆగితే కేసు నమోదుకు వారాలు పడుతుంది. అప్పుడు కౌంటీ షెరిఫ్ సైట్లో 'ఇన్‌మేట్ సెర్చ్' లేదా 'జైల్ రోస్టర్' చూడాలి. మనిషి విడుదల కాగానే చాలా కౌంటీలు పేరు తీసేస్తాయి కాబట్టి కనిపించిన వెంటనే బుకింగ్ నంబరు, తేదీ రాసుకోండి.

పోలీసు రిపోర్టు కావాలంటే ఆ డిపార్ట్‌మెంట్ రికార్డుల విభాగానికి రాతపూర్వకంగా అడగాలి. ఇక్కడ చాలామంది ఎఫ్ఓఐఏ అని రాస్తారు. ఆ పేరున్న కేంద్ర సమాచార చట్టం ఫెడరల్ ఆఫీసులకు మాత్రమే. సిటీ, కౌంటీ పోలీసులకు రాష్ట్ర చట్టం వర్తిస్తుంది: టెక్సాస్‌లో పబ్లిక్ ఇన్ఫర్మేషన్ యాక్ట్, కాలిఫోర్నియాలో పబ్లిక్ రికార్డ్స్ యాక్ట్, న్యూయార్క్‌లో ఫాయిల్. 'ఫలానా తేదీన, ఫలానా చోట, ఫలానా పేరు గల వ్యక్తి అరెస్టుకు సంబంధించిన రిపోర్టు కావాలి' అని క్లుప్తంగా రాస్తే సరిపోతుంది. కేసు నడుస్తుండగా రిపోర్టు ఇవ్వకపోవచ్చు. సొంత కేసైతే లాయర్ ద్వారా ఎలాగూ వస్తుంది.

సొంత రికార్డుకు ఇంకో రెండు దారులున్నాయి. ఎఫ్‌బీఐకి వేలిముద్రలు పంపి 18 డాలర్లు కడితే మీ పేరు మీద ఉన్న అరెస్టుల జాబితా వస్తుంది. లైసెన్సులు ఇచ్చే డీఎంవీ నుంచి డ్రైవింగ్ రికార్డు తెప్పిస్తే లైసెన్సు సస్పెన్షన్లు కనిపిస్తాయి. కోర్టులో కేసు గెలిచినా సస్పెన్షన్ అక్కడ ఉండొచ్చు, ఎందుకంటే డీఎంవీ విచారణ వేరు. ఇతరుల డ్రైవింగ్ రికార్డు మాత్రం అడగొద్దు. 1994 నాటి డ్రైవర్స్ ప్రైవసీ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం, చట్టం ఒప్పుకున్న కారణం లేకుండా ఇవ్వరు.

9. దొరకకపోయినా, తప్పుగా దొరికినా

ఏమీ దొరకలేదంటే కేసు లేదని కాదు. కౌంటీ తప్పు కావచ్చు, స్పెల్లింగ్ తేడా కావచ్చు, పాత కేసు ఆన్‌లైన్‌కు ఎక్కకపోవచ్చు, కోర్టు సీల్ చేసి ఉండొచ్చు. సీల్ చేసినది కావాలంటే అందులో ఉన్న మనిషే అడగాలి.

అరెస్టు ఫొటోలు పెట్టి, తీసేయడానికి డబ్బు అడిగే సైట్లకు ఒక్క డాలరూ ఇవ్వొద్దు. కాలిఫోర్నియా, జార్జియా లాంటి రాష్ట్రాలు ఆ వ్యాపారాన్ని నిషేధించాయి. ఒకచోట తీస్తే ఇంకోచోట తేలడం కూడా మామూలే.

ఉద్యోగం కోసం తీసిన బ్యాక్‌గ్రౌండ్ రిపోర్టులో మీది కాని కేసు పడినా, కొట్టేసిన కేసు అలాగే ఉన్నా, ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. సాధారణంగా 30 రోజుల్లోపు వాళ్లు తిరిగి పరిశీలించాలి. శిక్ష పడని అరెస్టును ఏడేళ్లు దాటాక రిపోర్టులో చూపకూడదన్న నియమం కూడా ఉంది. అయితే 75,000 డాలర్లు, అంతకు మించిన జీతం ఉద్యోగాలకు ఇది వర్తించదు, మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో చాలావరకు ఆ గీత దాటేవే. కోర్టు కాపీ జతచేసి, ఉత్తరాన్ని సర్టిఫైడ్ మెయిల్‌లో పంపి, అందినట్టు వచ్చే రసీదు దాచుకోండి. హెచ్ఆర్‌కు కూడా అదే రోజు ఒక నకలు పంపండి, లేకపోతే ఆ 30 రోజులు గడిచేలోపు ఆఫర్ చేజారిపోవచ్చు.